సంచిలో కుళాయి

కుళాయి కారుతోందని ఎవరైనా వచ్చి చెబితే నేను ముందు ఒకటే అడుగుతాను, వాల్వు కట్టేశారా అని. కట్టలేదంటే ఇంకో మాట మాట్లాడను, కట్టి రమ్మంటాను. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన గొంతు కాబట్టి జనం కొంచెం జడుసుకుంటారు. జడుసుకోనీ. ఆ ఒక్క ముక్క తెలియక నేను కట్టుచీరతో సహా తలారా తడిసిన రోజు నాకింకా గుర్తుంది. వాషరు మార్చడం బ్రహ్మవిద్యేం కాదు, పావుగంట పని. ఆ పావుగంట పని నేర్చుకోబోయి డెబ్భైల్లో, తిరువూరులో, నా కొంప నేనే ముంచుకోబోయాను.

అప్పుడు నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన సమితి ఆఫీసులో గుమాస్తా. పాప పుట్టి నా సెలవులు అయిపోవచ్చేసరికి, మూణ్ణెల్ల పిల్లని ఎవరి చేతిలో పెట్టి బడికి వెళ్ళాలన్నది పెద్ద బెంగ అయి కూర్చుంది. మా అమ్మ పెనుగొలనులో మంచాన పడ్డ మా నాన్నను వదిలి రాలేదు. చివరికి మా అత్తయ్య వచ్చింది, వినగడప నుంచి. పొలం కౌలుకిచ్చి, గేదెను తోడికోడలికి అప్పజెప్పి, ఒక ట్రంకుపెట్టెతో బస్సు దిగింది. ఆవిడ ఉంటేనే నా ఉద్యోగం. ఆవిడ వెళ్ళిపోతే రాజీనామా కాగితం రాసుకోవడమే, అందులో రెండో మాట లేదు. బడంటే నాకు ప్రాణం. ఆ లెక్కన అత్తయ్యను నెత్తిన పెట్టుకోవాల్సింది. పెట్టుకున్నానా అంటే, నాకు ముక్కు మీదే కోపం.

ఆ ఏడే మా వీధిలో ఇళ్ళకు కుళాయిలు ఇచ్చారు. మా వైపు పంపు అంటారు. అంతవరకు వీధి చివర బావి నుంచి మోసుకునేవాళ్ళం. ఊరంతటికీ ఒక్కడే ఫిట్టరు. ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి, కానీ పిలిచిన రోజుకి వచ్చిన పాపాన పోయేవాడు కాదు. వీధిలోంచి పైపు లాగి, పెరటి గోడ దగ్గర చక్రం లాంటి పిడి ఉన్న వాల్వు పెట్టి, అక్కణ్ణుంచి బట్టలుతికే బండ దాకా తెచ్చి ఇత్తడి కుళాయి బిగించాడు. పైపు మరల మీద జనపనార చుట్టి, నీళ్ళు కారకుండా దాని మీద సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి మరీ బిగించాడు. నేను పాపను చంకనేసుకుని అదంతా చూస్తూ నిలబడ్డాను. ఇదేం పెద్ద పని అనుకున్నాను.

అత్తయ్య కుళాయికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పిడి తిప్పి నీళ్ళ కింద అరచెయ్యి పట్టి, వచ్చే నీళ్ళనే చూస్తూ చాలాసేపు కూర్చుంది. "ఎవరూ చేదకుండా ఎట్టా వస్తన్నాయే అమ్మాయ్" అంది. టాంకు ఎత్తు మీద ఉంటుందని చెప్పాను. "ఉంటే మాత్రం" అంది. ఆ రోజు మేమిద్దరం చాలా సంతోషంగా ఉన్నాం.

ఇరవై రోజులు తిరక్కుండానే కుళాయి కారడం మొదలైంది. నీళ్ళు వదిలేది పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలే. కానీ మా ఇల్లు ఊరికి పల్లపు వైపు ఉంది. వదలడం ఆపినా వీధి పైపుల్లో మిగిలిన నీళ్ళన్నీ మా కుళాయికే దిగేవి. అందుకని రోజంతా టప్పు టప్పుమని ఒకటే చప్పుడు. ఫిట్టరుని పిలిస్తే వారానికి వచ్చాడు. విప్పి చూసి, వాషరు తెగిందని కొత్తది వేసి వెళ్ళాడు. అది పదిహేను రోజులు ఆగింది. మూడోది పది రోజులు కూడా ఆగలేదు.

మూడోసారి వచ్చినప్పుడు అతను పాత వాషరు నా చేతిలో పెట్టాడు. పప్పుబిళ్ళంత నల్లటి రబ్బరు ముక్క. దాని మీద గుండ్రంగా, కత్తితో కోసినట్టు లోతైన గాడి.

"మీ ఇంట్లో ఎవరో పంపు పీక పిసుకుతున్నారు టీచరమ్మా" అన్నాడు. "నీళ్ళు ఆగే దాకా తిప్పితే చాలండి. ఆ పైన తిప్పిందంతా ఈ వాషరు మీద పడుద్ది. తెగితే కారుద్ది, కారితే ఇంకా గట్టిగా బిగిస్తారు, ఇంకా తెగుద్ది. ఇదెవరైనా మార్చుకోవచ్చు, దీనికి నేనెందుకు." అలా అని ఎలా విప్పాలో ఒకసారి చూపించి, నాలుగు వాషర్లు ఇచ్చి పోయాడు.

పీక పిసికేది ఎవరో నాకు తెలుసు. నేను కళ్ళారా చూశాను. అత్తయ్య కుళాయి కట్టేటప్పుడు రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బిగబట్టి తిప్పేది. తిప్పాక మళ్ళీ ఒకసారి, లోపలికి వెళ్ళబోయేదల్లా వెనక్కి వచ్చి ఇంకోసారి. నేను పోరడం మొదలుపెట్టాను. మెల్లగా కట్టండి అత్తయ్యా అని మొదట్లో మంచిగానే చెప్పాను. తర్వాత తర్వాత నా గొంతు మారింది. ఒకటో తరగతి పిల్లాడు పలక పగలగొట్టినప్పుడు అరిచే గొంతు.

"నీళ్ళు పోతన్నాయని కట్టానే" అనేది ఆవిడ. "మాకు ఎండాకాలం వాగులో ఇసక తవ్వి చెలమ తీస్తే, కొబ్బరిచిప్పతో తోడుకునేవాళ్ళం. బిందె నిండాలంటే ఒక పూట. చుక్క కింద పడితే మా అత్త ఊరుకునేది కాదు."

"ఇది చెలమ కాదు కదండీ. చేతికి తెలియదా ఎంత తిప్పాలో" అనేదాన్ని.

ఆవిడ తలొంచుకుని వెళ్ళిపోయేది. ఎండిపోయిన వాగు పక్కన బతికిన మనిషి, నీళ్ళంటే అంత ఆత్రం అని మా ఆయన సర్దిచెప్పేవాడు. నేనూ అదే అనుకున్నాను. అనుకుని కూడా అరవడం మానలేదు. అదీ నా గొప్ప.

ఇక నా మరమ్మతుల సంగతి. మొదటిసారి ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కొంగు బిగించి కూర్చున్నాను. నీళ్ళు వదిలే వేళ కాదు కదా, వాల్వుతో పనేముంది అనుకున్నాను. పానాతో కుళాయి తల పట్టి తిప్పాను. పల్లపు ఇంటి సంగతి మరిచాను. తల ఊడి రావడం, పైపులో మిగిలిన నీళ్ళన్నీ నా మొహాన కొట్టడం ఒకేసారి జరిగాయి. కళ్ళు కనపడక వాల్వు కోసం గోడంతా తడిమాను. అత్తయ్యే పరుగున వచ్చి చక్రం తిప్పింది. పాప పకపకా నవ్వింది. అత్తయ్యా నవ్వింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

రెండోసారి వాల్వు కట్టాను, బుద్ధిగా. కానీ తల విప్పేటప్పుడు కుళాయి ఒంటిని రెండో చేత్తో పట్టుకోవాలని తెలియదు. మొత్తం కుళాయే గిర్రున తిరిగి పైపు దగ్గర అతుకు వదులైంది. ఇప్పుడు అక్కణ్ణుంచి కూడా కారడం. సరే, జనపనార చుడదామని కూర్చున్నాను. పూలు కట్టేటప్పుడు దారం ఎటు చుడతామో నా చేతికి అటే వచ్చింది. ఎంత చుట్టినా, కుళాయి బిగిస్తుంటే నార అంతా బయటికి జడలా లేచొచ్చింది. మూడుసార్లు చుట్టి మూడుసార్లు తిట్టుకున్నాక గాని బుర్ర వెలగలేదు. కుళాయి ఏ వైపు తిరిగి బిగుస్తుందో నార కూడా ఆ వైపే చుట్టాలి. అప్పుడు అది లోపలికి పోతుంది. దాని మీద సఫేదా పూసి బిగిస్తే బొట్టు కారలేదు. ఆ రోజు అన్నం మానేసి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

నాలుగు వాషర్లూ అయిపోయాయి. బజార్లో సామాన్ల కొట్టతను బెజవాడ నుంచి సరుకు రావాలన్నాడు. ఎప్పుడు వస్తుందంటే చెయ్యి గాల్లో ఊపాడు. ఇంట్లో టప్పు టప్పు. ఆ చప్పుడుకు అత్తయ్య లేస్తుంది, బిగిస్తుంది, నేను అరుస్తాను, పాప ఏడుస్తుంది. నాకు పిచ్చెక్కుతుందేమో అనిపించింది. అప్పుడు గుమ్మం పక్కన నా పాత హవాయి చెప్పులు కనపడ్డాయి. రబ్బరు మెత్తగా, మందంగా ఉంది. తెగిన వాషరుని చెప్పు మడమ దగ్గర పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీశాను. బ్లేడుతో కోశాను. నడుమ కాల్చిన మేకుతో చిల్లు పెట్టాను. సబ్బుతో రెండుసార్లు కడిగి కుళాయిలో వేశాను.

అతికినట్టు సరిపోయింది. ఒక్క చుక్క లేదు. మెత్తటి రబ్బరు కదా, ఎంత బిగించినా ఓర్చుకుంది. పది రోజులు ఇల్లంతా ప్రశాంతంగా ఉంది. అత్తయ్య కుళాయి మీద చెయ్యేసి, "ఇప్పుడు మన మాట వింటంది" అంది. ఆ నీళ్ళే తాగింది, ఆ నీళ్ళే పాప పాలల్లో కలిపింది, పొద్దున్నే స్నానం చేసి నెమలి గుళ్ళోని వేణుగోపాలస్వామి పటం ముందు ఆ నీళ్ళే చెంబుతో పెట్టింది. నేను బళ్ళో మిగతా టీచర్ల దగ్గర ఒకటే గొప్పలు.

పదకొండో రోజు పొద్దున మా ఆయన ఆఫీసుకి తయారవుతూ గుమ్మంలో వంగి నా చెప్పు ఎత్తి పట్టుకున్నాడు. "ఏమోయ్, నీ చెప్పుకి కిటికీ పెట్టించావేంటి?" అన్నాడు.

"అదిప్పుడు పంపులో ఉంది" అన్నాను, ఎక్కడలేని గర్వంతో. "పది రోజుల నుంచి చుక్క కారిందేమో చెప్పండి."

అత్తయ్య వంటింటి గడప దగ్గర నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంది. గ్లాసు కింద పెట్టింది. నా నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. ఆవిడ మొహం చూశాక అప్పుడు తట్టింది నాకు, నేను చేసిందేమిటో. రబ్బరు ముక్క అనుకున్నానే తప్ప చెప్పు అనుకోలేదు నేను. కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో పుట్టి పెరిగి కూడా, ఆ పది రోజుల్లో ఒక్కసారీ అనుకోలేదు.

"స్వామికి ఆ నీళ్ళే పెట్టాను" అంది ఆవిడ మెల్లగా. "పసిదాని నోట్లోనూ అయ్యే పోశాను."

తప్పయిందండీ అనాల్సింది. అక్కడితో పోయేది. నా నోరు ఊరుకుంటేనా. "రబ్బరు రబ్బరే కదా అత్తయ్యా. సబ్బెట్టి కడిగాను. మీరు అంతంత బిగించకపోతే నాకు చెప్పులు కోసుకునే ఖర్మ ఏంటి?" అన్నాను.

"నేను బిగించినందుకు చెప్పు తీశావన్నమాట" అంది ఆవిడ.

మా ఆయన చేతిలో ఆ చెప్పు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను బడికి టైమైందని సంచి తగిలించుకున్నాను. పోతూ పోతూ ఊరుకున్నానా, ఇకనుంచి పంపు మీరు ముట్టుకోకండి అని కూడా అనే వెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే అత్తయ్య ట్రంకుపెట్టె సర్దుకుంది. మా ఆయన బతిమాలాడు. నిద్రపోతున్న పాపను వంగి చూసి, ముట్టుకోకుండా, బస్సుకి వెళ్ళిపోయింది. చెప్పు ముక్క కోసం మనవరాలి మొహమైనా నిమరకుండా పోతుందా అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంట రెండు రోజులే. మూడో రోజు నుంచి భయం పట్టుకుంది. పాపను చూసేవాళ్ళు లేరు. ఇంటి వెనక వాటాలో ఉండే పిన్నిగారు మంచిదే, కానీ ఒకటి రెండు గంటలైతే చూడగలదు, రోజంతా ఆవిడ వల్ల కాదు. ఉన్న సెలవులన్నీ అయిపోతున్నాయి. హెడ్మాస్టరు గారు పెద్దాయన, కోపగించుకోలేదు. "సోమవారం దాకా చూస్తానమ్మా. ఆ పైన వేరే మనిషిని అడగక తప్పదు" అన్నాడు. ఆ మాట విని తరగతి గదిలోకి పోయి, నల్లబల్ల తుడుస్తున్నట్టు అటు తిరిగి ఏడ్చాను. మా ఆయన వినగడప వెళ్ళి ఒంటరిగా తిరిగొచ్చాడు. "రానంది" అన్నాడు. "కోపంగా ఉందా?" అంటే, "కోపమేం లేదు. అన్నం పెట్టింది, బాగా మాట్లాడింది. రానంటే రానంది" అన్నాడు. అది నాకు ఇంకా దిగులు పుట్టించింది. కోపమైతే బతిమాలుకోవచ్చు.

శనివారం నేనే బయల్దేరాను. కొట్టుకి సరుకు వచ్చిందని తెలిసి అసలు సిసలు వాషరు ఒకటి కొన్నాను. కాగితంలో పొట్లం కట్టించుకున్నాను. తర్వాత వాల్వు కట్టి, కుళాయి మొత్తాన్నీ పైపు నుంచి విప్పేశాను. పైపు మూతికి గుడ్డ కుక్కాను. చెప్పు ముక్క లోపల ఎలా ఉన్నది అలాగే ఉంచి కుళాయిని గుడ్డ సంచిలో వేశాను. ఆవిడ కళ్ళ ముందే తీసి అవతల పారేసి, ఆవిడ చేత్తోనే కొత్తది వేయించాలని నా ఆలోచన. మాటలతో క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. చేతకాని పని మానేసి చేతనైన పని సంచిలో పెట్టుకున్నాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నావిడ సంచి బరువు చూసి, కూరగాయలా అని అడిగింది. పంపు అన్నాను. ఇంకేమీ అడగలేదు. బస్సు దిగాక వాగు దాటాలి. నీళ్ళు లేవు, ఇసక. చంకన పాప, భుజాన సంచి, కాళ్ళు దిగబడుతున్నాయి. ఇసకలో అక్కడక్కడా చెలమలు, వాటి పక్కన బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు. ఒకామె లేచి కొబ్బరిచిప్పతో పాపకు నీళ్ళు పట్టింది. నేను దోసిలి పట్టి తాగాను. దాహం తీరింది గాని అత్తయ్యతో ఏం మాట్లాడాలో తెలియలేదు.

అత్తయ్య పంచలో చాప మీద ఒంటరిగా ఉంది. తోడికోడలు పొలం వెళ్ళిందట. నన్ను చూసి లేచింది. "ఇంత ఎండలో పిల్లని తెచ్చావా" అంది. పాప ఆవిడను చూడగానే రెండు చేతులూ చాచి ఎగిరింది. ఆవిడ తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది.

నా మీద కోపం పిల్ల మీద చూపిస్తోందనుకున్నాను. అయినా నోరు మూసుకుని, పాపను చాప మీద కూర్చోబెట్టి, సంచిలోంచి కుళాయి తీసి ఆవిడ ముందు పెట్టాను. పానాతో తల విప్పాను. చెప్పు ముక్క తీసి వాకిట్లో దూరంగా విసిరేశాను. దొడ్లోకి వెళ్ళి కుళాయిని చింతపండు పెట్టి తోమి, మూడు నీళ్ళు పోసి కడిగాను. తెచ్చి పొట్లం విప్పి కొత్త వాషరు ఆవిడ ముందుకు చాపాను.

"ఇది కొట్లోది అత్తయ్యా. ఇంకా ఎవరూ ముట్టుకోనిది. మీ చేత్తో మీరే వేయండి. ఈ కుళాయి ఇంక మీదే. నేను నోరెత్తను."

ఆవిడ వద్దు వద్దంటూనే తీసుకుంది. వాషరు వేళ్ళ సందులోంచి జారి కింద పడింది. ఏరింది. మళ్ళీ పడింది. మూడోసారి నేనే తీసి పెట్టి, మునుపటిలా తల బిగించి, ఆవిడ కుడి చెయ్యి తెచ్చి పిడి మీద వేశాను. నా చెయ్యి పైన వేశాను.

"చూడండి, తిప్పండి. ఇదిగో, లోపల వాషరు తగిలింది. తెలిసిందా? ఇక్కడ ఆపెయ్యాలి. ఇంతే సంగతి. వేళ్ళకి తెలుస్తుంది."

ఆవిడ ఇంకా తిప్పుతూనే ఉంది. నేను ఆగమన్నా తిప్పుతోంది. కణతల మీద నరాలు పొంగుతున్నాయి.

"అత్తయ్యా, తగిలింది కదండీ."

"నాకు తెలవదే" అంది ఆవిడ.

"ఏం తెలియదు?"

"తగిలింది తెలవదు. నీ చెయ్యి నా చెయ్యి మీదుంది, కళ్ళతో చూస్తన్నాను కాబట్టి ఉందనుకుంటన్నాను." చెయ్యి వెనక్కి లాక్కుని వెల్లకిలా తిప్పింది. అరచెయ్యి నడుమ ఒక కాలిన మచ్చ, కొత్తది, ఇంకా సరిగ్గా మానలేదు. "మొన్న అన్నం గిన్నె దింపాను. వాసనొచ్చాక చూసుకున్నాను. ఆ పంపు కూడా అంతేనే. కట్టానో లేదో తెలవక కట్టేదాన్ని."

ఎన్ని నెలలు అరిచాను నేను. చేతికి తెలియదా అని అదే మాట, అదే మాట. ఆవిడ తలొంచుకుని వెళ్ళిపోయేది. నా నోరు పడిపోతే బాగుండేదనిపించింది.

"చెప్పు ముక్కకి రాలేదే నేను" అంది. "దానికి బాధపడ్డాను, లేదనను. కానీ దానికి పసిపిల్లని వదిలేసి వస్తానా. ఆ గొడవకి ముందురోజు నువ్వు బడికి పోయాక పాపని ఎత్తుకున్నాను. పట్టు ఉందనుకున్నాను. జారింది. మంచం మీదే పడింది, దెబ్బేం తగల్లేదు, నవ్వింది కూడా. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడలేదు. తెల్లారి పొద్దున నువ్వు ఆ మాటన్నావు. సరే, ఇదే వంక అనుకుని వచ్చేశాను." గొంతు తగ్గించింది. "చేతులు మొద్దుబారితే ఏ జబ్బంటారో నీకు తెలవదా. అందుకే ముట్టుకోలేదు దాన్ని. నువ్వూ ముట్టనియ్యబోకు."

ఆ జబ్బు పేరు ఆవిడ అనలేదు. నేనూ అనలేదు. ఆ రోజుల్లో ఆ పేరు వింటే ఇళ్ళకు ఇళ్ళే తలుపులు వేసుకునేవి. తర్వాత బెజవాడ తీసుకెళ్తే అది కానే కాదని, చక్కెర జబ్బు వల్ల నరాలు మొద్దుబారాయని డాక్టరు చెప్పాడు. కానీ ఆ మధ్యాహ్నం వినగడప పంచలో మా ఇద్దరికీ ఆ సంగతి తెలియదు. అబద్ధం ఎందుకు, నాకు భయమేసింది. పాప చాప మీద పాకుతూ ఆవిడ మోకాలి దాకా వచ్చేసింది. ఒక్క నిమిషం నా చెయ్యి పాపను వెనక్కి లాగడానికే లేచింది. ఆవిడ నా చేతినే చూస్తోంది.

నేను పాపను ఎత్తి ఆవిడ ఒళ్ళో కూర్చోబెట్టాను.

"ఎత్తుకోవద్దు మీరు" అన్నాను. "కింద చాప మీద ఇలా ఒళ్ళో పెట్టుకుని కూర్చోండి చాలు. ఎత్తడం, దింపడం, పాలు వెచ్చబెట్టడం వెనకింటి పిన్నిగారు చూస్తుంది, నేను అడుగుతాను. ఆవిడకి లేనిది కూర్చునే తీరికే. పాపకి కావాల్సింది మీరు. నాక్కూడానండి. ఉద్యోగం కోసం అంటున్నాననుకుంటారేమో, దాని కోసం కూడా. కానీ మీరు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు. సోమవారం మనం డాక్టరు దగ్గరికి వెళ్దాం, బడి సంగతి ఆ తర్వాత. తప్పంతా నాదే అత్తయ్యా." చేతకాదనుకున్న మాట అదంతట అదే వచ్చేసింది. ముక్కు చీదుకున్నాను.

ఆవిడ రెండు చేతులూ పాపకు తగలకుండా గాల్లోనే పెట్టుకుని కూర్చుంది. పాపకు అదంతా ఏం తెలుసు. నానమ్మ బొటనవేలు దొరకబుచ్చుకుని నోటి దగ్గరకు లాక్కుంది. ఆవిడ ఆ వేలి వంక వంగి చూసింది.

"పట్టుకుందా?" అని అడిగింది నన్ను.

"పట్టుకుంది అత్తయ్యా. గట్టిగా పట్టుకుంది."

ఆవిడ కళ్ళు భుజానికి తుడుచుకుని, వేలు మాత్రం కదపకుండా, "ఆ పంపు సంచిలో పెట్టు" అంది. "మూడింటి బస్సు దొరుకుద్ది."